పెన్సిలు గీత దాకా కాఫీ

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ తమ్ముడూ క్షేమం. ఓడ మీద మీరూ మీ ఇంజను గదీ క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. ఇక్కడి క్షేమం ఏపాటిదో కింద రాశాను, మధ్యలో ఆపకుండా చదవండి. ఫోనులో చెప్పేద్దామని రెండుసార్లు చూశాను. మీ గొంతు వినగానే వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. నా నడుం నొప్పి తగ్గింది. వంటింటి పంపు కారడం ఆగింది, కిటికీ రెక్క మూసుకుంటోంది. రెండూ మీ తమ్ముడు బాగుచేసినవే. వడ్రంగి ఇంట్లో ఉండటం ఎంత సుఖమో మీకు తెలియదు, మీరెప్పుడూ నీళ్ళ మీదే ఉంటారు. పళ్ళ ఆస్పత్రి కొత్త శాఖకు నన్ను మేనేజరుగా వేశారా అని అడిగారు. దాని సంగతి కూడా కిందనే ఉంది.

మీ కవరులో రెండు కాగితాలు వచ్చాయి. నాకు ఒకటి, మడిచి అంటించి మీ తమ్ముడికి ఒకటి. నాకు రాసినది కంఠతా వచ్చేసింది. "వాడు మందు మానేశాడని పద్నాలుగు నెలలు నమ్మి ఓపిక పట్టాం. తాగినవాళ్ళు మన గడప లోపల ఉండకూడదని ముందే అనుకున్నాం. వాణ్ణి పంపించెయ్యి." అతని కాగితం నాలుగు రోజులు నా చేతిసంచిలో మోశాను. నిన్న ఇచ్చాను. ఇచ్చాక ఏం జరిగిందో చెప్పాలంటే విందు రోజు సంగతి మొదటి నుంచీ చెప్పాలి. పోయిన ఉత్తరంలో సగమే రాశాను.

మా పెద్ద డాక్టరమ్మ పళ్ళ డాక్టరై ఉండి తీపంటే ప్రాణం పెడుతుంది. ఏదో పెద్ద హోటల్లో చాక్లెట్టూ కాఫీ కలిపిన కాక్‌టెయిల్ తాగిందట, భోజనం తర్వాత మిఠాయి బదులు ఇస్తారట. ఆవిణ్ణీ వాళ్ళాయన్నీ భోజనానికి పిలిచి అదే నా చేత్తో చేసిపెడితే మేనేజరు కుర్చీ నాదేననుకున్నాను. మీరు తెచ్చి అటక మీద పెట్టిన తియ్యటి కాఫీ లిక్కరు సీసా ఉండనే ఉంది.

చెయ్యడం కష్టమేమీ కాదు. చిక్కటి డికాక్షను తీసి చల్లార్చాలి. నల్ల చాక్లెట్టు వేడి పాలలో కరిగించి అదీ చల్లార్చాలి. రెండూ కలిపి, లిక్కరు పోసి, ఐసు వేసి, మూత బిగించి గట్టిగా గిలకొట్టి, గ్లాసులో వంచి పైన మీగడ తేల్చాలి. చల్లార్చాలన్న మాట నేను పట్టించుకోలేదు. వేడివేడిగా స్టీలు డబ్బాలో పోసి ఊపేసరికి మూత ఎగిరిపోయి పైకప్పు దాకా చాక్లెట్టే. మీ తమ్ముడు స్టూలెక్కి తుడుస్తూ, ఇంటికి రంగు వేయించాలని అన్నయ్య అన్నది ఈ రంగేనా అని ఒకటే నవ్వు.

రెండోసారి రుచి కుదిరింది. అప్పుడు అతనే చెవి మీది పెన్సిలు తీసి, సీసాలో మిగిలినదానికి సరిగ్గా చీటీ మీద గీత గీశాడు. "వదినా, దీన్ని రోజూ చూసుకోండి. మీరు చూస్తున్నారంటే నాకూ ధైర్యం" అన్నాడు. చెక్క కొలిచినట్టు తనను తాను కొలిచి నా చేతికిచ్చాడు.

విందు రోజు సీసాలోది గీత దాకా ఉంది. అతిథుల కోసం మూడు గ్లాసులు చేశాను, నాకూ కలిపి. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని బాగుందంది. వాళ్ళాయన మాత్రం, చాక్లెట్ కాఫీ బ్రహ్మాండంగా ఉంది, మందెక్కడమ్మా అన్నాడు. సరదా మనిషి. సీసా తెప్పించి చెంచాలో పోసుకుని చప్పరించి, ఇందులో సగానికి పైగా కాఫీ డికాక్షనేనని తేల్చేశాడు. రెండేళ్ళ క్రితం మీ సీసాలో టీ నింపిపెట్టిన ఘనుడెవరో మన ఇంటి గోడలకు కూడా తెలుసు. మీ తమ్ముడు అప్పుడు ప్లేట్లు తీస్తున్నాడు. నేను అతని వైపు చూశాను. చూసి ఊరుకోలేదు, "మా మరిదికి పాత అలవాటు లెండి" అన్నాను.

అతను నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత ప్లేట్లు కింద పెట్టి, "తప్పయిపోయింది, క్షమించండి" అని వాళ్ళకు చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నాడని మీకు రాశాను కదా, అది ఇదే.

ఇక నిన్నటి సంగతి. మీ కాగితం నిలబడే చదివాడు. ఉలులూ చిత్రికా గుడ్డలో చుట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. తెల్లారి బస్సుకు వెళ్ళిపోతానన్నాడు. పాత స్నేహితుడి షెడ్డులో చోటుందట. ఆ స్నేహితుడెవరో, ఆ షెడ్డులో సాయంత్రాలు ఏం జరుగుతాయో మీకూ తెలుసు. చెయ్యని తప్పు ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నావని అడిగేశాను. అడిగాక గానీ నాకు తెలియలేదు, ఆ ప్రశ్నలోనే నేను దొరికిపోయానని.

అతను సంచి తాడు కడుతూనే చెప్పాడు. "సింకులో పాకం గిన్నె రోజూ నేనే కడిగాను వదినా. నేనైతే పాకం పట్టి కలపను. తాగేవాడికి అంత ఓపిక ఉండదు. కొత్తవాళ్ళకే ఉంటుంది."

అవునండీ. తాగింది నేను.

మూడోసారి చేసింది మీగడ తేలలేదని. అది నిజమే. నాలుగోసారికి మీగడ చక్కగా తేలింది, ఇక ఆపాల్సింది. ఐదోసారి మీగడ లేకుండా చేశాను. ఆరోసారి చాక్లెట్టూ లేదు. ఆస్పత్రి నుంచి ఆరింటికి వస్తాను, అతను ఏడు దాటాక గానీ రాడు. ఆ గంటసేపు ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు ఎప్పుడూ రాయలేదు. ఆ గ్లాసు పట్టుకుంటే ఆ గంట తెలియకుండా గడిచిపోయేది. నాకు బాగుండేది, అదే నా భయం. తగ్గినంతా డికాక్షనూ, తీపికి పాకమూ పోసి అతని గీత దాకా నింపేదాన్ని. విందు రోజు కూడా చాక్లెట్టు వాసనలో ఎవరికీ తెలియదనుకున్నాను. ఆ తర్వాత ఆపానా అంటే అదీ లేదు. దారిలో వేరే సీసా కొని బట్టల బీరువాలో పెట్టుకున్నాను. మీ తమ్ముణ్ణి ఇన్నేళ్ళు ఎన్ని మాటలన్నానో గుర్తొస్తే నా నోరు నాకే రోతగా ఉంది.

ఈ సంగతి మీకు రాస్తానంటే అతను వద్దన్నాడు. "మాట పడటం నాకు అలవాటే. మీకు అలవాటు లేదు. అన్నయ్య నా మీద కోపాన్ని మోయగలడు, మీ మీదైతే కుంగిపోతాడు. నన్ను వెళ్ళనివ్వండి" అన్నాడు. ఏడ్చాను. బీరువాలోని సీసా అతని ఎదురుగానే సింకులో ఒంపేశాను. ఒంపుతుంటే వచ్చిన వాసనకు అతను కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు, నేను మాత్రం అక్కణ్ణుంచి కదలలేకపోయాను.

పొద్దున డాక్టరమ్మతో మొత్తం చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. కొత్త శాఖ సంగతి ఇప్పుడు వద్దులే అంది. ఉద్యోగం తీసెయ్యలేదు, అంతవరకు దయ. మీ తమ్ముడు తెల్లారి బస్సు మానుకున్నాడు గానీ, ఇది అన్నయ్య ఇల్లు, ఉండమని అన్నయ్యే అంటే ఉంటాను అంటున్నాడు. మీ జవాబు వచ్చేదాకా ఆగుతాడట. సంచి విప్పలేదు.

మీ నియమం ప్రకారం గడప దాటాల్సింది నేను. ఆ తీర్పు మీరు వచ్చి చెప్పండి, ఏదైనా పడతాను. అతనికి మాత్రం ఇది అందిన రోజే మీ చేత్తో రాయండి.

ఇప్పుడు ఆరున్నర దాటింది. ఈ వేళకు నా కాళ్ళు వాటంతటవే బీరువా వైపు నడుస్తాయి. అందుకని మీ తమ్ముడు పని సగంలో వదిలేసి వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను రాయడం ఆపితే తలెత్తి చూస్తాడు. ఈ గంట ఎలా గడపాలో ఈ ఇంట్లో తెలిసినవాడు అతనొక్కడే. మీరు వెళ్ళిపొమ్మన్నది అతన్నే.

ఇట్లు,
తాగింది తానేనని సంతకం పెడుతున్న
మీ భార్య