ఉముకెరె చరిత్రకు ఎదురు పేజీలో ఎక్కిళ్ళ మందు

ఉముకెరె,
4 జూలై 1961

ఒనిత్షాలో హ్యాపీ మార్నింగ్ ప్రెస్ యజమాని లాజరస్ అన్యెగ్బు గారికి,

నిన్న, జూలై 3 సోమవారం, ఉదయం పది గంటలకు మీ లారీ నా పుస్తకం ప్రతులు మూడు వందలు దింపింది. మా పట్టణంలో సభలో మొదటి కోలా గింజ ఎవరు విరవాలో తేల్చేది 22వ పేజీ. ప్రతి ప్రతిలోనూ దానికి ఎదురు పేజీలో ఎక్కిళ్ళకు మందు ఉంది.

24వ పేజీలో ప్రపంచంలోని నదులు. 25లో మేజిస్ట్రేటు ముందు నిలబడే పద్ధతి. 26లో కలలో కొండచిలువ కనిపిస్తే కలిగే ఫలితం. 27, 28లలో అత్తగారి ఎదుట మగవాడు చేయకూడని పన్నెండు పనులు. ఇలా పోయి పోయి 32వ పేజీ పెళ్ళి వద్దని మర్యాదగా రాసే ఉత్తరంతో ముగుస్తుంది. పుస్తకం పేరు 'ఉముకెరె పట్టణ చరిత్ర'. అట్ట మీద ఉన్నది నా పేరు. ఈ పది పేజీల్లో నేను రాసింది ఒక్క ముక్క లేదు.

కోలా విరవనిదే సభ మొదలు కాదని మీకు చెప్పనక్కర్లేదు. విరవాల్సింది ఈ నేలకు ముందు వచ్చిన పేట పెద్ద. ఇఫీటె పేట ముందా, అమాకొ పేట ముందా అన్నది తేలక మా పట్టణ సంఘం సభ పదకొండేళ్ళుగా మొదలు కాలేదు. ఏటా ఆగస్టులో వస్తాం, కూర్చుంటాం, తిట్టుకుంటాం, లేస్తాం. 'సభ ప్రారంభం కాలేదు' అని మినిట్స్‌లో పదకొండుసార్లు ఉంది. మా పెదనాన్న ఉడెంజె ఇఫీటెకు పెద్ద. ఆయనకు ఎనభై ఏడేళ్ళు. ఆయన చేత్తో కోలా విరవడం చూడాలని ఈ పుస్తకం రాశాను. ఆగస్టు 26న అది సభ ముందుకు వెళ్ళాలి. ఆ రోజు ఎవరైనా 22వ పేజీ తెరిస్తే కన్ను 23 మీద పడకుండా ఉండదు.

ఆ పది పేజీలు తీసేసి మళ్ళీ అచ్చు వేయండి.

ఇట్లు,
జోనస్ ఒబిదీగ్వు,
విశ్రాంత విలేకరి

తా.క. అత్తగారి ఎదుట చేయకూడని పనులు పన్నెండు అన్నారు. లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి.


ఒనిత్షా,
10 జూలై

పెద్దలు జోనస్ గారికి హ్యాపీ మార్నింగ్ ప్రెస్సు, అందులోని రెండు యంత్రాలు, నేను చేసే వందనాలు.

మీ ఉత్తరం చదివాను. కోపం బాగా కుదిరింది.

అయ్యా, మా కాగితం పదహారు పేజీల ఫారం. మీ చరిత్ర ఇరవై రెండు పేజీలకు తేలింది. రెండు ఫారాలు మడిస్తే ముప్పై రెండు. మిగతా పది ఖాళీగా వదిలితే కొన్నవాడు నన్ను దొంగంటాడు. చదవాలని పుస్తకం కొన్నవాడికి తెల్లకాగితం చేతిలో పెట్టడం ఎక్కడి న్యాయం? నా దగ్గర టైపు కట్టి ఉంచిన పేజీలు ఎప్పుడూ ఉంటాయి. కట్టుకున్న ఇంటికి చూరు వేసినట్టు వేశాను. నా మెహర్బానీ అనుకోండి.

ఇలాంటి పుస్తకం విలువ నాకు ఎవరూ ఒనిత్షాలో నేర్పలేదు. యుద్ధం అయ్యాక మా దళాన్ని బర్మా నుంచి తెచ్చి, ఇండియాలో మద్రాసుకు పైన ఒక క్యాంపులో ఉంచారు. ఇంటికి వెళ్ళే ఓడ కోసం నెలల తరబడి ఆగాం. అక్కడి రైల్వే స్టేషన్లో ఒకతను లావుపాటి పుస్తకం అమ్ముతున్నాడు. అందులో ఏముందని అడిగితే అక్కడి గుమాస్తా చెప్పాడు. అక్షరాలు, ఎక్కాలు, నక్షత్రాలు, నీతులు, మామగారికి రాసే ఉత్తరం. "ఇంతకీ ఇది ఏ విషయం మీద పుస్తకం?" అన్నాను. "విషయమేమిటి నాయనా, ఇంటికి ఒకటి ఉంటుంది" అన్నాడు. ఆ రోజే అనుకున్నాను, ప్రెస్సు పెడితే ఇదే వేయాలని.

ఎక్కిళ్ళ మందు గురించి అనుమానం వద్దు. మా పెద్దమ్మ చెప్పింది.

మీ సేవకుడు,
లాజరస్ అన్యెగ్బు

తా.క. మీ మూడు వందలూ అయ్యాక కట్టిన టైపు విప్పబుద్ధి కాక, బజారు కోసం ఇంకో రెండు వేలు వేశాను. పన్నెండో పనిని మా కంపోజిటరు అత్తగారు చూసి తీయించారు.


ఉముకెరె,
15 జూలై

లాజరస్ గారికి,

మీ బజారు కోసం నా పేరుతో రెండు వేల ప్రతులు వేసినట్టు మీరే ఒప్పుకున్నారు. ఈ ఉత్తరం నకలు నా దగ్గర ఉంచుకుంటున్నాను.

ఇండియా స్టేషన్లో మీకు జ్ఞానోదయం అయినందుకు సంతోషం. అయితే ఈ రకం పుస్తకం అంతకు చాలా ముందే పుట్టింది. రోములో చదువుకున్నవాళ్ళు విన్నదీ కన్నదీ తోచిన వరుసలో రాసుకుని దాన్నే పుస్తకం అన్నారు. అరబ్బులు గుర్రాల లక్షణాలు, వైద్యం, పిసినారుల కథలు ఒకే సంపుటిలో కుట్టారు, విందులో పక్కవాడికి మాట అందించడానికి. చైనాలో ఉద్యోగం ఊడిన అధికారులు దయ్యాలనూ టీ ఆకునూ ఒకే పేజీలో పెట్టారు. రెండు వందల ఏళ్ళ కింద లండన్ పుస్తక వర్తకులు నాలుగు పద్యాలు, ఒక వంటకం, ఉరికంబం ఎక్కిన దొంగ ఆఖరి మాటలు కలిపి అమ్మారు. అందరిదీ ఒకే జబ్బు. ఒక విషయం దగ్గర కుదురుగా కూర్చునే ఓపిక లేదు. మూటలు విప్పిన చోటల్లా దుకాణం కాదు. కాగితాలు కుట్టినదల్లా పుస్తకం కాదు.

ఇక తప్పులు. ఆఫ్రికాలో అన్నిటికన్నా పెద్ద నది నైజర్ అని వేసి, 'నైలు కూడా ఉంది' అన్నారు. ఎక్కువ పొడవున్నది నైలు. మేజిస్ట్రేటును 'ప్రభువా' అని మూడుసార్లు పిలవాలన్నారు. ముప్పై ఏళ్ళు కోర్టు వార్తలు రాశాను. మూడోసారికి ఆయన తలెత్తి చూస్తాడు, అది మీకు మంచిది కాదు. ఎడమ చెవి పట్టుకుని మామగారి పేరు తలుచుకుంటే ఎక్కిళ్ళు పోతాయన్నారు. ఆధారం మీ పెద్దమ్మ. విలేకరికి మొదటి రోజు నేర్పే పాఠం చెబుతున్నాను, వినండి. ఇద్దరు బయటి సాక్షులు లేని మాట వాస్తవం కాదు. ఇంట్లో ముసలివాళ్ళు చెప్పింది కబురు.

తప్పులు దిద్దండి. విషయం కానిదాన్ని తీసేయండి. మళ్ళీ అచ్చు వేయండి.

జోనస్ ఒబిదీగ్వు

తా.క. మీ ఎక్కిళ్ళ మందును నిన్న మా పెదనాన్న ప్రయత్నించారు. తగ్గాయి. అది యాదృచ్ఛికం.


ఒనిత్షా,
2 ఆగస్టు

పెద్దలు జోనస్ గారి సముఖానికి, ఆలస్యానికి సిగ్గుపడుతూ లాజరస్ రాసుకునేది.

మీరు చెప్పినట్టే చేశాను. రెండో ముద్రణ బజారుకు కూడా వచ్చేసింది.

విషయం కానిదాన్ని తీసేయమన్నారు. విషయం ఏదో తేల్చడానికి మూడు రోజులు లారీ స్టాండులో నిలబడి చూశాను. పుస్తకం కొన్న ప్రతివాడూ వెనక నుంచి తెరుస్తున్నాడు. ఎనుగు పట్టణం వెళ్ళే లారీలో ఒకాయన పక్కవాణ్ణి అడుగుతున్నాడు, "తమ్ముడూ, ముందున్న ఈ ఉముకెరె ఏమిటి?" "అది మడత బిగువుగా ఉండటానికి వేసుంటారన్నా, తిప్పెయ్" అన్నాడు రెండోవాడు. మీ మనసు నొచ్చుకుంటుందని ఇంకా విన్నవి రాయడం లేదు. మొదటి ఇరవై రెండు పేజీలు చదివినవాడు ఒక్కడే కనిపించాడు. 8వ పేజీలో వాళ్ళ మేనమామ పేరుంది.

కాబట్టి చరిత్రను తొమ్మిది పేజీలకు కుదించాను. కోలా పేజీ ముట్టుకోలేదు. మీరు దిద్దినవన్నీ దిద్దాను. నైజర్ ఒడ్డున కూర్చుని నైలు పెద్దదని అచ్చు వేయడం ఎంత కష్టమో మీకు తెలియదు. 'నైలు పొడవు ఎక్కువ, నీళ్ళు మనవే మంచివి' అని వేశాను. ఈ రకం పుస్తకాలు పుట్టిన కథ మీరు రాసింది అక్షరం మార్చకుండా ఇచ్చాను. రెండు వేల ఏళ్ళుగా ప్రపంచమంతా వీటిని విడవకుండా చదువుతోందని మా బజారులో ఎవరికీ తెలియదు. తెలిసి అందరూ గర్వపడ్డారు. మీ ఉత్తరాలు రెండూ 'పెద్దమనిషి కోప్పడే పద్ధతి' అనే శీర్షిక కింద వేశాను. చేపల బజారు ఆడవాళ్ళు వాటిని కంఠతా పట్టారు. నిన్న ఒకావిడ బేరగాడితో, "ఇద్దరు బయటి సాక్షుల్ని తీసుకురావయ్యా, అప్పుడు చేప మెత్తబడిందని ఒప్పుకుంటా" అంది.

అయ్యా, మనిషి రోజు ఒక విషయం మీద నడవదు. పొద్దున కోర్టు, మధ్యాహ్నం అత్తగారు, సాయంత్రం ఎక్కిళ్ళు. పుస్తకం కూడా అలాగే ఉంటే తప్పేమిటి? ఒకే విషయం మీద ఇరవై రెండు పేజీలు మాట్లాడేవాడు లారీలో పక్కన కూర్చుంటే మీరే సీటు మారతారు.

మీ పేరు అట్ట మీద మునుపటికన్నా పెద్ద టైపులో వేయించిన
లాజరస్

తా.క. 32వ పేజీలోని పెళ్ళి వద్దనే ఉత్తరాన్ని ఒకమ్మాయి కాపీ చేసి పంపిందట. అవతలివాడి దగ్గరా ఇదే పుస్తకం ఉంది. 'రెండో పేరా వదిలేశారు' అని జవాబు రాశాడట. వచ్చే నెల పెళ్ళి.


ఉముకెరె,
13 ఆగస్టు

లాజరస్ అన్యెగ్బు,

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు, సభకు ముందు సాక్ష్యాలు చూసే మా కోలా కమిటీ నా పుస్తకాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి నిరాకరించింది. కారణం నా పుస్తకమే.

అమాకొ కార్యదర్శి సిప్రియన్ మీ రెండో ముద్రణ పట్టుకుని లేచాడు.

"ఇద్దరు బయటి సాక్షులు లేని మాట వాస్తవం కాదు. ఇది రాసింది ఎవరండీ?"

"నేనే."

"ఇఫీటె ముందు వచ్చిందని మీకు చెప్పినవాళ్ళు ఎంతమంది?"

"ఒకరు."

"బయటివారా?"

"మా పెదనాన్న."

"ఇంట్లో ముసలివాళ్ళు చెప్పింది ఏమవుతుందని రాశారు? కాస్త చదవమంటారా, మీకు గుర్తుందా?"

రెండు పేటలవాళ్ళూ నవ్వారు. మా పెదనాన్న అందరికన్నా ఎక్కువసేపు నవ్వారు. 26లోగా ఇద్దరు బయటి సాక్షులను తెచ్చిన పేట కోలా విరుస్తుందని, ఎవరూ తేలేకపోతే ఈ ఏడూ సభ మొదలు కాదని తీర్మానించారు. ఉముకెరె గురించి తెలిసిన బయటివాడు లోకంలో లేడు. మా పెదనాన్న వచ్చే ఆగస్టు చూస్తారో లేదో తెలియదు.

ఇక నాకు రాయకండి.

జోనస్ ఒబిదీగ్వు

తా.క. ఈ ఉత్తరం అచ్చు వేయడానికి కాదు.


ఒనిత్షా,
21 ఆగస్టు

పెద్దలు జోనస్ గారికి, రాయవద్దన్నా రాయక తప్పని లాజరస్ నుంచి.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మీ కోలా కమిటీ నా ప్రెస్సుకు వచ్చింది. ఇఫీటె వాళ్ళు ముగ్గురు, అమాకొ వాళ్ళు ముగ్గురు, ఒకే లారీలో. మీ చరిత్ర మొత్తం చదివిన బయటివాణ్ణి నేనొక్కణ్ణే కదా, సాక్షిగా పనికొస్తానేమోనని రెండు పేటలకూ ఒకేసారి తట్టిందట. అవతలివాళ్ళు ముందు చేరతారేమోనని ఒకరిని ఒకరు వదలకుండా వచ్చారు. మీ పెదనాన్నగారు డ్రైవరు పక్కన కూర్చున్నారు. మీకు చెప్పకుండా వచ్చానన్నారు.

ఆయనే నా బల్ల ముందు కూర్చుని మొదలుపెట్టారు.

"నువ్వు ఎవరబ్బాయివిరా?"

"ఒబొసి ఊరివాణ్ణి తాతా."

"మీ అమ్మ?"

"అమాకొ ఆడపడుచు." సిప్రియన్ గారు నిటారుగా కూర్చున్నారు.

"ఆవిడ తల్లి?"

"ఇఫీటె ఆడపడుచు. అమాకొకు ఇచ్చారు."

"ఇన్నాళ్ళూ చెప్పవేంరా?" అన్నారు మీ పెదనాన్న.

"ఎవరూ అడగలేదు తాతా. ఉత్తరాలన్నీ ఎక్కిళ్ళ మీదే వచ్చాయి."

"మరి ఎవరు ముందొచ్చారని అనేది మీ అమ్మమ్మ?"

"ఇఫీటె అనేది. మా తాత అమాకొ అనేవాడు. నలభై ఏళ్ళు వాదులాడుకున్నారు. ఈలోగా తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు."

నేను సాక్షిగా పనికిరానని అప్పుడే తేలిపోయింది. కానీ ఆడపడుచు బిడ్డ చేసిన పనికి ఆ తల్లి పుట్టింట ఎవరూ అడ్డు చెప్పరని మీకు తెలుసు. అమ్మవైపు అమాకొకు, అమ్మమ్మవైపు ఇఫీటెకు, నేను రెండు పేటలకూ ఆడపడుచు బిడ్డనే. మీ పెదనాన్న కర్ర నేలకు తాటించి, "అయితే వీడే విరుస్తాడు" అన్నారు.

"మరి మీ పెద్దరికమో?" అన్నారు సిప్రియన్ గారు, నమ్మలేక.

"నాకు కావలసింది విరవడం కాదురా, తినడం. పదకొండేళ్ళుగా ఆ సభలో కోలా ముక్క నోట పెట్టలేదు. విరవడం సంగతి మా జోనస్ రాసుకున్నాడు. వాడు ఒక విషయం పట్టుకుంటే వదలడు. చిన్నప్పటి నుంచీ అంతే."

ఆరుగురూ సంతకాలు చేశారు. మొదటి ముక్క మీ పెదనాన్నగారికి, రెండోది అమాకొ పెద్దగారికి. వయసులో ఆయన రెండేళ్ళు చిన్నట. దాని మీద వాదన లేదన్నారు.

మీ ఊరి మనవడు,
లాజరస్ అన్యెగ్బు

తా.క. కమిటీ మీకు చెప్పమన్న కార్యక్రమం ఇది. 26 శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు లారీ మీ ఇంటి ముందు ఆగుతుంది. పది గంటలకు కోలా. పదీ పావుకు సభ ప్రారంభం. పదిన్నరకు ఇఫీటె ఎందుకు ముందో మీ ప్రసంగం, అయిదు నిమిషాలు. ఆ తర్వాత అమాకొ ఎందుకు ముందో సిప్రియన్ గారి ప్రసంగం, అయిదు నిమిషాలు. మీ ఇద్దరూ ముగించినా ముగించకపోయినా పదకొండింటికి భోజనం.