బావిలో దొరికిన దవడ కడగొద్దు

ముసలీ,
నేనూ మనవరాలూ ఇక్కడ దాని తవ్వకాల చోట కులాసా. నువ్వూ ఎవర్నో ఒకర్ని తిడుతూ కులాసాగానే ఉంటావు.

కార్డు అందగానే ఒక పని చెయ్యి. బావి తవ్వినప్పుడు దొరికిన దవడ ఉంది చూడు, మీ అన్నయ్య పోలికలున్నాయంటే అలిగావే, దాన్ని కడగొద్దు. నీ కంట పడ్డ మట్టి బతకదని నాకు దడగా ఉంది. దాన్లోంచి ఊడిన పన్ను నా పొడుం డబ్బాలో ఉంటే మనవరాలు చూసింది. తను ఇక్కడి ఏటిగట్టులో తవ్వి తీసిన పన్నూ అదీ అచ్చం ఒకటే.

"తాతా, ఇది పాతకాలపు గుర్రం. ఈ రకం బతికింది కొంతకాలమే. అంటే మన బావి మట్టీ ఈ గట్టు మట్టీ ఒకే వయసువి" అంది.

వాళ్ల కాలేజీ పెద్దసారు ఒప్పుకోలేదు. "పొడుం డబ్బా సాక్ష్యం చెల్లదమ్మా. దవడకి అంటిన మట్టి చూపించు, ఏ పొరలోదో తేలుతుంది" అన్నాడు. పిల్ల చదువంతా దీని మీదే ఆగింది. అన్నం కూడా సయించట్లేదు దానికి.

దవడని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టు. పెద్దాడి దగ్గు తగ్గిందా, నీ కషాయానికి జడిసి దాచుకుంటున్నాడా? గేదె ఈనిందా?

ఒకవేళ ఇప్పటికే తోమేసుంటే పిల్లకి రాయకు, నాకే రాయి. దానికి ఎలా చెప్పాలో నేను చూసుకుంటా.

పిల్లలకి దీవెనలు. నీకూ ఒకటి, పుచ్చుకుంటే.