కారం చేతులు

రూతమ్మా,

నువ్వు మమ్మల్ని విడిచిపోయి రేపటికి ఏడాది. మన నల్లపాడు చర్చి హాల్లో ఇప్పుడు శనివారం సాయంత్రాలు ఇంటర్ చదివే పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. నీ తర్వాతే మొదలుపెట్టారు. నేను టీ కాసిచ్చే పని ఒప్పుకున్నాను.

మొన్న కౌన్సెలింగ్ మేడం, "పిల్లల చెంప మీద చెయ్యి వేసి, ఎలా ఉన్నావని అడగండమ్మా" అన్నారు. ఒక్క తల్లీ కదల్లేదు. అందరూ చేతులు కొంగులో దాచుకున్నారు. మేడం మొహం చిన్నబోయింది.

"ప్రేమ లేక కాదండీ" అన్నాను. "పొద్దుట్నుంచీ మిరపకాయలకి తొడిమలు తీసొచ్చారు. ఆ చేతులు తగిలితే పిల్లల మొహాలు మండిపోతాయి."

కారం మంటకి పాలు మంచివని మాకందరికీ తెలుసు. కానీ తాగే పాలు చేతులకి పోసుకునేదెవరు? నేను టీకి తెచ్చిన పాలన్నీ బేసిన్‌లో పోశాను. ఒక్కొక్కరే వచ్చి చేతులు ముంచి కడుక్కున్నారు. పక్కింటి మరియమ్మ తన కూతురి చెంప పట్టుకుని, ఏమీ అడగలేక ఏడ్చేసింది. ఆ రోజు ఎవరికీ టీ లేదు.

నేనూ మిర్చి యార్డులో పని నుంచి వచ్చి గుమ్మంలో కూర్చున్నప్పుడే కదా, ఆఖరి సాయంత్రం నువ్వు నా ఒళ్ళో తల పెట్టబోయావు. "కారం చేతులే, దూరం జరుగు" అన్నాను. "ఏం లేదులేమ్మా" అని లోపలికి వెళ్ళిపోయావు.

ఆ రోజు మనింట్లోనూ గ్లాసుడు పాలున్నాయి, రూతమ్మా.

అమ్మ