నీ వెంట నడిచిన నలుగురు

దిల్‌సుఖ్‌నగర్,
28 సెప్టెంబర్ 2011

మా వేదవతి మేడమ్ గారికి,

నమస్కారం. చెవి ఆపరేషన్ తర్వాత కూడా మీకు ఫోన్లో మాట వినిపించడం లేదని మీ తమ్ముడు బాపిరాజు గారు చెప్పారు. తెలంగాణ సమ్మె మూలంగా ఎల్‌బీ నగర్ నుంచి విజయవాడకి బస్సుల్లేవు. ఆయన రేపు కారులో మీ దగ్గరికి వస్తున్నారని తెలిసి ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను. నిజానికి ఫోన్ పనిచేసినా ఈ సంగతి మీకు నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

మీరు ఆరు అధ్యాయాలు తెలుగు చేసి, మిగతాది నన్ను పూర్తి చేయమన్న పుస్తకాన్ని ఆపేశాను. నూరేళ్ళ కిందట ఒక ఇంగ్లీషు దొర ఈజిప్టు దేవుళ్ళ మీద రాసిన ఆ పుస్తకం తెలుగులో రావాలన్నది మీ ఇరవై ఏళ్ళ కోరిక. అట్ట మీద మనిద్దరి పేర్లూ పక్కపక్కన ఉండాలన్నారు. నా పేరు తీసేయండి.

ఏడో అధ్యాయం దగ్గర నా చెయ్యి ఆడలేదు మేడమ్. రాజుల సమాధులు తొలిచిన రాతిపనివాళ్ళ ఊరి గురించిన అధ్యాయం అది. వాళ్ళు తమ ఊరి కొండమీది నాగుపాము తల్లిని కొలిచారు. ఆమె పేరు మెరెత్‌సెగెర్, అంటే మౌనాన్ని ఇష్టపడే తల్లి. రాజుల దేవుళ్ళ గురించి రెండు వందల పేజీలు వినయంగా రాసిన దొర ఈమె దగ్గరికొచ్చేసరికి ముక్కు మూసుకున్నాడు. ఇది మతమే కాదు, కూలిజనం భయం అన్నాడు. ఇలాంటి చిన్న దేవతల్ని ఆయన అన్న మాటకి నేను ఆలోచించకుండా ‘క్షుద్రదేవతలు’ అని తెలుగు చేశాను.

రాసిన ప్రతి పేజీ మా అమ్మకు చదివి వినిపించడం నా అలవాటని మీకు తెలుసు. ఆమెకు అర్థం కాని చోట వాక్యం సరిచేయమని మీరే నేర్పారు. సమ్మెకు కాలేజీ మూతపడింది కాబట్టి పొద్దున్నే వంటింట్లో కూర్చుని చదువుతున్నాను. అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటోంది. ఆ మాట దగ్గర చెయ్యి ఆపింది.

“క్షుద్రమంటే చేతబడి గదనే. గా పాము తల్లి ఎవలకేం జేసిందని గట్ల రాసినవ్?”

ఆ మాట నాకు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట యూనివర్సిటీ లైబ్రరీలో మీ పరిశోధన గ్రంథం తీసి చూశాను. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో క్షుద్రదేవతారాధన, 1983. అందులో తుర్కయంజాల్ మైసమ్మ పాట ఉంది. మొదటి చరణం చూడగానే గుర్తుపట్టాను. అది మా అమ్మమ్మ సైదమ్మ పాట. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. కింద చిన్న అక్షరాల్లో మీరు ఇలా రాశారు: “పాడినది ఒక నిరక్షరాస్య స్త్రీ. భాష అపభ్రంశం.” పుస్తకం అక్కడే మూసేశాను. మళ్ళీ తెరవలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళూ వనస్థలిపురంలో మీ ఇంటికొచ్చాను, మీరు పెట్టిన పులిహోర తిన్నాను, నవ్వాను. ఈ మాట మాత్రం గొంతులోనే పెట్టుకున్నాను. మొన్న చౌరస్తాలో సమ్మెవాళ్ళ వంటావార్పు జరుగుతుంటే, మన తెలంగాణ భాషను కోస్తావాళ్ళు తప్పుల తడక అన్నారని ఒకాయన మైకులో అన్నాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి మీ పేరున్న కాగితాల ముందు కూర్చోవడం నా వల్ల కాలేదు. పేదవాళ్ళ దేవుణ్ణి చులకన చేసే పుస్తకం మనకెందుకు? ఆ మాటలన్నీ కొట్టేసి అచ్చు వేయండి, లేదా నన్ను వదిలేయండి.

కోపంతోనే అయినా, మీ
శ్రీకళ


విజయవాడ,
9 అక్టోబర్ 2011

అమ్మాయ్ శ్రీకళా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బాపిరాజు ఏం రాసిందక్కా అని కాగితం మీద రాసి అడిగాడు. రాయవలసిందే రాసిందని చెప్పాను.

ఆమె మీ అమ్మమ్మ అని నాకు తెలియదు. తెలిస్తే ఇంకోలా రాసేదాన్ని కదా అనుకున్నాను, అనుకోగానే సిగ్గేసింది. ఆమె నా శిష్యురాలి అమ్మమ్మ కాకపోతే మాత్రం? మూడు రోజులు ఆ ఇంట్లో జొన్నరొట్టె తిన్నాను. వెళ్ళేటప్పుడు నా కొంగులో పెసలు కట్టి పంపింది. పేరు అడగలేదమ్మా. ఆమె పాటే కావాలి నాకు, ఆమెతో పనేముంది అనుకునే వయసు. పైగా అచ్చులో ‘ఒస్తివి’ని ‘వస్తివి’ చేశాను, ‘యేడికి’ని ‘ఎక్కడికి’ చేశాను. అలా దిద్దడమే చదువనుకున్నాను. క్షమించమని అడగను, అడిగితే నువ్వు కాదనలేవు కాబట్టి.

దొర సంగతి వేరే చెప్పాలి. ఆయన ఆ పాము తల్లి గుడి రాయి గురించి పేజీన్నర ఈసడించుకున్నాడు. ఆ తర్వాత ఎండలో మూడు రోజులు కూర్చుని దాని మీది ప్రతి అక్షరమూ దించుకున్నాడు. ఆ రాయి ఇప్పుడు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని ఉంచిన మ్యూజియం కూలినప్పుడు పోయింది. ఇవాళ ఆ కూలివాళ్ళ భక్తి ఎంత లోతైనదో చెప్పేవాళ్ళూ, దొర అహంకారాన్ని తిట్టేవాళ్ళూ ఆయన దించుకున్న కాగితం మీద ఆధారపడే చెబుతున్నారు. ఈసడింపు కొట్టేస్తే ఆయన మంచివాడై కూర్చుంటాడు. చదివేవాళ్ళు ఆయన చెప్పిందల్లా నమ్మేస్తారు. ఎక్కడ చులకన చేశాడో అక్కడ సరిగా చూడలేదని గుర్తు. ఆ గుర్తు ఉండనీ. పక్కన నీ మాట రాయి, ఎంత కటువుగానైనా రాయి.

నా గ్రంథానికీ అదే చెయ్యి. తుర్కయంజాల్లో రాసుకున్న నోటుపుస్తకం పంపుతున్నాను. అందులో విన్నది విన్నట్టే ఉంది, దిద్దలేదు. చివరి చరణం మీ అమ్మమ్మ మూడో రోజున, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాడింది. నా మాటల్లో ఎన్ని పోయినా ఆ దేవత రూపం మాత్రం నిలుస్తుందనుకుంటున్నాను. చేతిలో కత్తెర, వెంట నలుగురు పరివార దేవతలు. ఇంకే ఊళ్ళోనూ లేని రూపమది. నా తర్వాత ఇద్దరు పరిశోధకులు దాన్ని తీసుకున్నారు.

పేరు తీయాలో ఉంచాలో ఇది చూశాక నువ్వే చెప్పు.

నీ
వేదవతి


దిల్‌సుఖ్‌నగర్,
30 అక్టోబర్ 2011

ప్రియమైన మేడమ్,

నోటుపుస్తకం చేరి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్ళూ మీకు ఎలా రాయాలో తెలియక ఆగాను. మీరు కుర్చీలో కూర్చుని చదవండి.

అలవాటు ప్రకారం అమ్మకు చదివాను. మొదటి చరణాలు ఆమెకు వచ్చు, నాతోపాటు గొణిగింది. చివరి చరణం ఎప్పుడూ వినలేదంది. మీరు రాసుకున్నట్టే చదివాను.

కత్తెర చేతవట్టి యేడికి వోతివి తల్లి
నీ యెంట నడిచినోళ్ళు నలుగురు తల్లి
మట్టయ్య బుచ్చయ్య రాములమ్మ చంద్రమ్మ
మళ్ళి రారైరి తల్లి

అమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అప్పుడు చాలా మెల్లగా అంది.

“కత్తెర గాదు బిడ్డా. గత్తర.”

మేడమ్, మీ వైపు కలరా అంటారు. మా వైపు గత్తర. ఊళ్ళకు ఊళ్ళు ఎత్తుకుపోయిన రోగం. మా అమ్మమ్మ మైసమ్మ చేతికి కత్తెర ఇవ్వలేదు. గత్తర చేతబట్టుకుని ఎక్కడికి పోయావని తల్లిని నిలదీసింది. వెంట నడిచినవాళ్ళు దేవతలు కారు. మా అమ్మ పుట్టకముందే ఒక్క వారంలో పోయిన అమ్మమ్మ పిల్లలు నలుగురు.

ఊళ్ళో అమ్మమ్మని అందరూ మట్టయ్య తల్లి అనేవాళ్ళు. పెద్దకొడుకు పేరుతో పిలవడం మా దగ్గర రివాజు, ఆ కొడుకు పోయినా పిలుపు పోదు. అందుకే ఆ ఒక్క పేరు అమ్మకు తెలుసు. మిగతా ముగ్గురి పేర్లు అమ్మమ్మ బతికుండగా నోటి వెంట రానివ్వలేదట. అడిగితే లేచి పోయేదట. మీ గ్రంథంలో ఆ పేజీ ఇప్పుడు తెరిచి చూశాను. మట్టయ్య మట్టికి అధిదేవత అని, రాములమ్మ వైష్ణవ ప్రభావమని, నలుగురూ క్షుద్రదేవతలని రాశారు. చదువుతుంటే మీ మీద కోపం రాలేదు, నా మీద వచ్చింది. ఆరేళ్ళు ఆ ఫుట్‌నోటుని గుండెలో పొడుచుకుంటూ తిరిగాను గానీ, పాటను ఒక్కసారి ఇంటికి తెచ్చి అమ్మకు వినిపించలేదు. మీరు అమ్మమ్మ పేరు అడగలేదు, నేను అమ్మనే అడగలేదు. పైగా ఆ రాతిపనివాళ్ళ తల్లిని క్షుద్రదేవత అన్నది నా చెయ్యే.

దొర పుస్తకం చివర చూశాను. రాయి మీద కింది వరుసలో కొన్ని పేర్లున్నాయట. ఒక కుటుంబం తాలూకు పేర్లు, ఎందుకూ పనికిరావు అని రాసి, అనుబంధంలో చిన్న అక్షరాల్లో పడేశాడు. మనం అనుబంధం వదిలేద్దామనుకున్నాం. వదలడం లేదు. ఆ పేర్లన్నీ ఏడో అధ్యాయంలోకి తెచ్చాను, ఆయన ఈసడింపు పక్కనే. క్షుద్ర అన్న మాట కొట్టేసి ‘ఇంటి దేవతలు’ అని రాసి, మొదట ఏం రాశానో ఎందుకు మార్చానో కింద ఒప్పుకున్నాను. అట్ట మీద నా పేరు ఉంచండి.

మీ గ్రంథానికి సవరణ రాసి పంపిస్తాను, పాడినది సైదమ్మ అని మొదలుపెడతాను. ఆ కత్తెర సంగతి అసలు ఎవరికీ తెలియకుండా కొట్టించేద్దామా, ఈ వయసులో మీకు తలవంపు కదా అని అమ్మతో అన్నాను. అమ్మకు కోపమొచ్చింది. ఆమె మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఏం కొట్టెయ్యద్దని చెప్పు మీ మేడమ్‌కి. తప్పో ఒప్పో ఆమె రాసుకోబట్టే గదా, అరవై ఏండ్లకు నా చిన్నన్న పేరు, అక్కల పేర్లు నాకు తెల్సినయ్.”

మీ
శ్రీకళ
(సైదమ్మ మనవరాలు)