గేటు బోర్డు మీద నీలం సిరా

ప్రియమైన పంతులమ్మకు,

'ప్రియమైన' అన్నది ఇది రాస్తున్న నర్సమ్మ పెట్టింది. నేను పెట్టమనలేదు.

కాలు విరిగింది. తొడ దాకా కట్టు కట్టి మంచానికి అతికించారు. నా వ్యాను కొండ పక్కకి ఒరిగింది కాబట్టి లోపలున్న పదకొండు మందీ బతికారు. సముద్రం పక్కకి ఒరిగుంటే ఉత్తరం రాయించడానికి నేనుండేవాణ్ణి కాదు. ఒక పెద్దావిడకి చెయ్యి విరిగింది. పక్క వార్డులోనే ఉంది. ఆవిడ మూలిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతోంది. నీ మీదే. అటూ ఇటూ చూడకు.

రెండు రోజులు ముసురు పట్టింది. కొండదారి ఎలా ఉందోనని నాకూ అనుమానమే. అందుకే తెల్లారాక, దారి మొదట్లో మీ ఆఫీసు గేటు దగ్గర ఆపి దిగాను. జనమంతా వ్యానులో నిద్ర. బోర్డు మీద కాగితం నీ రాతే. నాకు చదువు రాకపోయినా నీ రాత తెలుసు. పలక మీద దిద్దిన రోజు నుంచీ చూస్తున్నా. నువ్వే కదే చెప్పావు, 'నాన్నా, నీలం సిరా అయితే దారీ, యాత్రికులు సముద్రం ఒడ్డున డేరాలు వేసే మైదానమూ బాగున్నట్టు. ఎర్ర సిరా అయితే వెనక్కి తిరుగు' అని? నీలం సిరానే! నమ్మి పోతే రెండో మలుపులో రోడ్డు సగం లేదు.

'మా అమ్మాయి రాసిందంటే రాతి మీద గీత' అని స్టాండులో డ్రైవర్లందరి ముందూ మీసం దువ్వానే. వాళ్ళిప్పుడు (ఇక్కడ రెండు మాటలు రాయలేదు. ఇది ఆస్పత్రి. – నర్సు)

మీ ఆఫీసువాళ్ళేమో బోర్డు మీద ఎర్ర సిరాయే ఉందంటున్నారు. నేనే లెక్కచేయకుండా పోయానట. ఈ సోమవారం కాదు, ఆ పై సోమవారం విచారణ. లైసెన్సు లాగేస్తారట. ఇరవై ఆరేళ్ళు తోలాను, ఒక్క కోడిపిల్ల కూడా నా చక్రం కింద పడలేదు.

చెప్పు. ఎందుకలా రాశావు?

మీ నాన్న


ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం చదివి చాలా కోపం వచ్చింది. ఆ ఉదయం నేను ఇక్కడ లేనే లేను. ఉద్యోగం పర్మనెంటు కావాలంటే రాయాల్సిన పరీక్ష కోసం నాలుగు రోజులు సెలవు పెట్టి పట్నం వెళ్ళాను. నేను లేని రోజున బోర్డు మీద ఏముందో నన్ను అడిగితే ఎలా?

రోజూ పొద్దున్నే రెండో మలుపు దాకా నడిచి, మైదానంలో కుళాయి తిప్పి, డేరాల అంచు దాకా అలలు వచ్చాయేమో చూసి, అప్పుడు గేటు దగ్గరికి వచ్చి కాగితం రాస్తాను. నా పనిని వేలెత్తి చూపడం తేలికే. మరి నువ్వు? రెండు రోజులు వాన పడిందని తెలుసు కదా! గేటు కాపలా మనిషిని ఒక్క మాట అడగలేదా? పదకొండు మందిలో ఒక్కరిని లేపి 'ఇదేమిటో చదవండి బాబూ' అనడానికి అంత నామోషీయా? అక్షరాలు నేర్పుతానంటే 'ముసలి ఎద్దుకు కొత్త నడకలా' అని నవ్వేవాడివి. ఇప్పుడు నవ్వు.

సెలవు దొరకనందువల్ల నిన్ను చూడటానికి రాలేకపోయాను. మందులు మానకు.

నీ పంతులమ్మ


ప్రియమైన పంతులమ్మకు,

ఈసారి నేనే పెట్టమన్నాను.

నా బుద్ధి గడ్డి తిన్నది. ఊళ్ళో లేని పిల్లని పట్టుకుని నోటికొచ్చినట్టు అన్నాను. తప్పయింది తల్లీ. నీ పాత కాగితం ఏదో ఎవడో దొంగవెధవ తీసి అంటించాడు. కాలుంటే ఈపాటికి వచ్చి వాడి పీక పట్టుకునేవాణ్ణి. (చేతికర్ర దాచేశాను. – నర్సు)

మంచం మీద పడుండి ఆలోచించాను. 'మా అమ్మాయి రాత చూశాను' అని విచారణలో అన్నాననుకో, ఆ దొంగని వదిలేసి నిన్ను పట్టుకుంటారు. సంతకం నీదేగా! అందుకే గేటు దగ్గర దిగలేదనీ, బోర్డు చూడలేదనీ చెబుతాను. లైసెన్సు పోతే పోనీ. తోలింది చాలు. మన ఇంట్లో ఆఫీసు కుర్చీలో కూర్చున్నది నువ్వొక్కదానివే. దాన్ని ఎవడూ కదపకూడదు.

నువ్వు రాకు. నోరెత్తకు. (ఇది తప్పని చెప్పాను. 'మీరు రాయండి చాలు' అని కసిరారు. – నర్సు)

మీ నాన్న


ప్రియమైన నాన్నకు,

నర్సుగారూ, ఈ ఉత్తరం చివరిదాకా చదివి వినిపించండి. ఆయన అరిచినా ఆపకండి.

నాన్నా, ఆ కాగితాన్ని ఎవరూ దొంగిలించలేదు. నేనే రాసిచ్చాను.

పరీక్షకు బయలుదేరిన మధ్యాహ్నం ఎండ ఫెళ్ళున కాస్తోంది. 'నాలుగు రోజులకు నాలుగు కాగితాలు రాసిచ్చి పోమ్మా, తేదీలు నేను వేసుకుంటాను. ఈ ఎండలకు దారికేమవుతుంది?' అన్నాడు మా ఆఫీసరు. బస్సుకు టైమవుతోంది. దారి బాగుందని, మైదానం పొడిగా ఉందని, ఇంకా తెల్లవారని నాలుగు రోజుల గురించి నీలం సిరాతో రాసి సంతకాలు పెట్టాను. నువ్వు చూసింది మూడోది. ప్రమాదం తరువాత అతను దాన్ని చింపేసి, ఎర్ర సిరాతో ఇంకొకటి రాసి అంటించాడు.

నీ మొదటి ఉత్తరం విప్పేటప్పటికే నాకిదంతా తెలుసు. సెలవు దొరకలేదన్నది కూడా అబద్ధమే, నేను అడగనే లేదు. నీ మొహం చూడలేక, నీకు చదువు రాదని ఎత్తిపొడిచాను. దానికి నువ్వు నాకు క్షమాపణ చెప్పావు.

నిన్న ఆఫీసరు పిలిచి, 'మీ నాన్న బోర్డు చూడలేదని ఒప్పుకుంటే అందరికీ మంచిది. నీ పర్మనెంటు ఫైలు నా బల్ల మీదే ఉంది' అన్నాడు.

'అక్కడే ఉండనివ్వండి సార్' అన్నాను.

'ఇంత ఆవేశం పనికిరాదమ్మా.'

'పదకొండు మంది సముద్రంలో పడి ఉంటే అప్పుడు పనికొచ్చేదా?'

నాలుగో కాగితం తేదీ లేకుండా ఇంకా ఫైళ్ళలోనే ఉంది. దాన్ని తీసుకుని, జరిగిందంతా రాసి జతచేసి, ఈ ఉదయం విచారణ అధికారి చేతికిచ్చాను. అందినట్టు సంతకం కూడా తీసుకున్నాను. చెయ్యి విరిగిన పెద్దావిడకు వేరే ఉత్తరం పెట్టాను. నర్సుగారూ, దాన్ని ఆవిడకు చదివి వినిపించండి, విననంటే బలవంతం చేయవద్దు.

ఆఫీసరు మీద కోపం ఉంది, అది విచారణలో తీరుతుంది. నా మీద ఉన్నదే తీరేలా లేదు. మన ఇంట్లో నేనేం రాసినా దిద్దేవాళ్ళు లేరు, అందరూ నమ్మేవాళ్ళే. అందుకే ఇంకా జాగ్రత్తగా రాయాల్సింది. దాన్ని అలుసుగా తీసుకున్నాను.

సోమవారం వాళ్ళు అడిగితే గేటు దగ్గర దిగానని చెప్పు. చూశానని చెప్పు. 'నాకు చదువు రాదు, కానీ అది నా కూతురి రాత' అని అందరికీ వినపడేలా చెప్పు. నేనూ అక్కడే ఉంటాను. నీ పక్కన కూర్చోనివ్వకపోయినా సరే, నువ్వు ముగించాక సాక్ష్యానికి నన్నే పిలుస్తారు.

నీ కూతురు