బోగ్న అక్క పూలకిరీటం

అమెరికాలోని బఫెలో ఊరి పోలిష్ నృత్యబృందం అధ్యక్షులు, నాకు సొంత బాబాయి అయిన శ్రీ జెనన్ గారి దివ్యసముఖానికి, ఒళ్ళు మండిపోతున్న అన్నకూతురు రాసుకున్నది.

నిన్న రిహార్సల్లో మీరు బోగ్న అక్క తలమీది పూలకిరీటం అందరి ముందూ తీసేశారు. "పెళ్ళైనదానివి, ఇంకా కన్నెపిల్లల కిరీటమేమిటే? రుమాలు కట్టుకుని వెనక వరసలో నిలబడు. పోలండ్‌లో పద్ధతి అదీ!" అన్నారు.

పెళ్ళిలో కిరీటం తీసి రుమాలు కట్టడం మన ఆచారమే, కాదనను. పోయిన నెల అక్కకి కట్టింది మా అమ్మే. అప్పుడు అక్క నవ్వింది. నిన్న కారులో కూర్చుని ఏడ్చింది. "ఇన్నేళ్ళూ ముందు నిలబడి ఆడింది నేనే కదే? పెళ్ళైతే కాళ్ళు మారిపోతాయా?" అంది.

మరి నెమలీక టోపీ పెళ్ళికాని కుర్రాళ్ళదని మాకు నేర్పిందీ మీరే. రెండు పెళ్ళిళ్ళు చేసుకున్న మీ నెత్తిమీద అది ఏ పద్ధతి ప్రకారం ఊగుతోంది? అడిగితే, "మగాడి టోపీ ఎవరు చూస్తారే పిచ్చిమొహమా!" అని నవ్వారు. పెద్దవారని నిన్న ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

ఆదివారం చర్చి పండగకి ఆడపిల్లలం అందరం రుమాళ్ళే కట్టుకుని వస్తాం. అక్క అందరికన్నా ముందు నిలబడుతుంది. పదహారేళ్ళ దనూత కూడా సిద్ధంగా ఉంది. ఇన్ని పెళ్ళిళ్ళు తనకి తెలియకుండా ఎప్పుడు జరిగాయని ఫాదర్ గారు తప్పకుండా అడుగుతారు. ఆయనకి జవాబు మీరే చెప్పుకోండి.

ఇట్లు,
రుమాలు ఇస్త్రీ చేసుకుంటూ,
మీ అన్నకూతురు