కింది నుంచి కొట్టిన చప్పుడు

హిమాయత్‌నగర్,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి సమతకు బాపు దీవెనలు. ఇక్కడ నేనూ మీ అవ్వా కుశలమే. పుణెలో నువ్వు, అల్లుడు, చిన్నారి అక్షయ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. మొన్నటి వానకు ఇల్లు కురిసిందా అని అడిగావు. కురవలేదు. పనిలో నేను స్లాబుల్లోంచి కోసి తెచ్చిన గుండ్రటి కాంక్రీటు దిమ్మలు, చిన్నప్పుడు నువ్వు పీటలుగా వేసి స్నేహితురాళ్లకు ఉత్తుత్తి అన్నం వడ్డించినవి, ఇంకా పెరట్లోనే ఉన్నాయి. మీ అవ్వ వాటి మీద పూలకుండీలు పెట్టింది.

"నా మీద కోపమా బాపూ? అక్షయ ఫోన్ల మొదటిసారి తాతా అంటే ఒక్క మాటన్న అనకపోతివి" అని రాశావు. నీ మీద నాకెందుకు కోపం బిడ్డా?

నాగేందర్ మామ కాలు ఎలా ఉందనీ అడిగావు. నయమవుతోంది, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. బండి మీది నుంచి పడ్డాడని మీ అవ్వ నీకు చెప్పింది. అది నేను చెప్పించిన అబద్ధం.

ఎంకపల్లి వైపు కడుతున్న ఓ ఇంట్లో, పైపు కోసం స్లాబుకు రంధ్రం వేస్తున్నాం. మా పని నీకు తెలిసిందే. కోత మిషన్ పట్టుకుని నేను పైన, నాగేందర్ కింద. కోత అవతలికి చేరగానే దిమ్మ ఊడి కింద పడుతుంది. ఆ సమయంలో ఎవరైనా కిందికి వస్తే నాగేందర్ ఇనుప సలాకతో స్లాబును కొడతాడు. ఆ చప్పుడు వినగానే నేను మోటారు ఆపాలి. పైనున్నవాడికి కింద ఏమవుతోందో కనబడదు. ఆ చప్పుడే మా ఇద్దరి మధ్యా ఉన్న నమ్మకం.

ఆ రోజు ఇటుకలు మోసే సాలమ్మ మరిచిపోయిన సద్దిగిన్నె కోసం సరిగ్గా అక్కడికే వచ్చింది. నాగేందర్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మోటారు ఆగలేదు. ఆమెను పక్కకు తోసి తను తప్పుకునేలోపే దిమ్మ అతని పాదం మీద పడింది.

నేను దిగి వెళ్లేసరికి అందరి పెదవులూ కదులుతున్నాయి. సాలమ్మ నా చెవిలో నోరు పెట్టి అరిచింది, ఏమందో తర్వాత కాగితం మీద రాయించుకుని తెలుసుకున్నాను. "గంత గట్టిగ కొట్టిండు గదా అన్నా, నీకు ఇనరాలేదా?"

వినబడలేదు బిడ్డా. మిషన్ మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. పని మాన్పిస్తారని ఎవరికీ చెప్పకుండా కుడి చెవితో నెట్టుకొచ్చాను. ఇప్పుడు అదీ పోయింది. నరం చచ్చిపోయిందని చేవెళ్ల దవాఖానలో కాగితం మీద రాసి చూపించారు. చెవికి మిషన్ పెడితే మోత తెలుస్తుంది గానీ మాట తెలియదట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మీ అవ్వ ఇన్నేళ్లూ నన్ను తిట్టేది. ఇప్పుడు ఆ మాట అనడం మానేసింది. నాగేందర్ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా నాకు వినబడదు కదా.

కోత మిషన్‌ను శుభ్రంగా కడిగి అతనికే ఇచ్చేశాను.

ఆ తర్వాత మీరు ఫోన్ చేసిన రోజు, కొంచెమైనా వినబడుతుందేమోనని మీ అవ్వ దాన్ని నా చెవికి ఆనించి, నవ్వుతూ నా ముఖంలోకి చూసింది. ఏమీ వినబడక తిరిగి ఇచ్చేశాను. పాప పిలిచిందని ఆమె సైగ చేసి చెప్పాక పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆ పిలుపు ఎలా ఉంటుందో నాకు ఇక తెలియదు.

నువ్వు ఒక్కసారి వచ్చిపో బిడ్డా. కోసేటప్పుడు స్లాబు లోపలి ఇనుప చువ్వ తగిలితే చెవికంటే ముందు నా అరచేతికే తెలిసేది. పాపను నా ఒళ్లో కూర్చోబెట్టు. వీపు మీద చెయ్యి ఆనించి పెట్టుకుంటాను. అప్పుడు దాన్ని తాతా అనమను.

ఇట్లు,
నీ మీద కోపం లేని
మీ బాపు
బాల్‌రాజ్